నానబోసిన కారు

ముప్పై ఏళ్ళపాటు కాలేజీలో ఆడపిల్లలకి ప్రబంధాలు చెప్పి రిటైరైన దాన్ని. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు ఉండి తీరాలని ఎన్ని బ్యాచీల చేత వల్లె వేయించానో లెక్కలేదు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానవనం, జలక్రీడ... ఇలా నాయకాభ్యుదయం దాకా పద్ధెనిమిది. ఆ ప్రబంధాలూ, వాటిని రాయించుకున్న రాజులూ ఎప్పుడో పోయారనుకునేదాన్ని. రాజులు పోయిన మాట నిజమే గానీ ప్రబంధం పోలేదండీ. కార్ల కాటలాగుల్లోకి కాపురం మార్చింది, అంతే.

నమ్మకపోతే ఏ కాటలాగైనా తీసి చూడండి. మొదటి పేజీలో సూర్యోదయం. రెండో పేజీలో పర్వతం, దాని మీద ఎవరూ లేని రోడ్డు, ఆ రోడ్డు మీద ఒంటరిగా కారు. తరవాత సముద్రతీరం. వాగులోంచి నీళ్ళు చిమ్ముకుంటూ పోతే అది జలక్రీడ. ఆఖరి పేజీలో అద్దాల మేడ ముందు కోటు తొడుక్కున్న యువకుడు ఒక కాలు కింద పెట్టి దిగుతుంటాడు. నాయకాభ్యుదయం! ఇన్ని వర్ణనల్లోనూ రైతుబజారు ఉండదు. బడి గేటు ఉండదు. మందుల షాపు ముందు రెండు నిమిషాలు ఆపుకునే చోటు ఉండదు. అంటే మనం రోజూ వెళ్ళే చోట్లకి కారు వెళ్తుందని ఆ కవులకి తెలియదన్న మాట.

ఈ ఉపోద్ఘాతం ఎందుకంటే, 2023 వేసవిలో నాకో చిన్న కరెంటు కారు కొనుక్కోవాలని బుద్ధి పుట్టింది. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత నా పేరన బ్యాంకులో ఉంది. కొనుక్కున్నాను కూడా. దాని పేరు మాత్రం చెప్పను. చెబితే సమీక్ష కాస్తా ప్రకటన అయి కూర్చుంటుంది. కానీ ఇన్నేళ్ళు పుస్తకాలకి గుణదోషాలు చెప్పిన నోరు ఊరుకోదు కదా. పుస్తకాలకి చెప్పగా లేనిది, రోజూ నడిపే బండికి ఎందుకు చెప్పకూడదు అనిపించింది.

ముందు షోరూమ్ సంగతి. అక్కడి కుర్రాడు మంచివాడే. బ్యాటరీ గురించి మావారికి చెప్పాడు. వాయిదాల గురించి మావారికి చెప్పాడు. ఒక్క చార్జింగుకి ఎంత దూరం వస్తుందో మావారికి చెప్పాడు. అంతా అయ్యాక నా వైపు తిరిగి, “మేడమ్, కలర్స్ చూస్తారా?” అన్నాడు. డబ్బు నాదనీ, నడిపేది నేననీ చెప్పేసరికి పాపం కంగారుపడిపోయి మళ్ళీ మొదటినుంచీ నాకు అప్పజెప్పాడు. “ఇది సున్నా నుంచి అరవైకి సెకన్లలో అందుకుంటుంది మేడమ్,” అన్నాడు. “మాది పటమట బాబూ. సాయంత్రం ఆరింటికి బెంజి సర్కిల్ దగ్గర సున్నా నుంచి సున్నాకి ఎంతసేపు పడుతుందో చెప్పు చాలు,” అన్నాను. ఊరి నడిబొడ్డున బెంజి పేరు పెట్టుకుని, ఆటోల్లో ఒకళ్ళ మోకాళ్ళ మీద ఒకళ్ళం కూర్చుని తిరిగేవాళ్ళం విజయవాడ వాళ్ళం. మాకు సెకన్లెందుకు?

కొనే ముందు నేనొక పని చేశాను. పాల లెక్క రాసుకునే నోటుపుస్తకంలో వెనక పేజీ తిప్పి మధ్యలో గీత కొట్టాను. గీతకి ఎడమ పక్క ఆ నెలలో నేను వెళ్ళిన చోట్లు, రానూపోనూ కిలోమీటర్లతో సహా. కుడి పక్క వెళ్ళాలనుకుని మానుకున్న చోట్లు. ముప్పై రోజులు నిజాయితీగా రాశాను. రైతుబజారు, బ్యాంకు, కళ్ళ డాక్టరు, మనవరాలి డాన్సు క్లాసు, బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్‌లో మా అమ్మ. ఎడమ పక్క కూడితే 410 కిలోమీటర్లు వచ్చింది. కుడి పక్క 230. కుడి పక్క ఉన్నవాటిల్లో సగానికి పైగా అమ్మ దగ్గరికే.

మొత్తం 640 కిలోమీటర్లు. అన్నీ కలిసొచ్చిన రోజున కూడా 41 దాటలేదు. ఆ పేజీ తీసుకెళ్ళి మావారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఎడమ పక్కంతా చదివి, కుడి పక్క చూడకుండానే, “మరి హైదరాబాద్ వెళ్ళాలంటే?” అన్నారు.

అదీ అసలు ప్రశ్న! ఈ కారు మాట ఎత్తితే ఎవరైనా సరే ముందు అడిగేది ఇదే. హైదరాబాద్ మాకు 275 కిలోమీటర్ల దూరం. “పోయినేడు మనం హైదరాబాద్ ఎన్నిసార్లు వెళ్ళామండీ?” అన్నాను. ఆలోచించి, “రెండుసార్లు,” అన్నారు. “ఎందులో వెళ్ళాం?” అన్నాను. “రైల్లో,” అన్నారు, కొంచెం నెమ్మదిగా.

చిన్న కరెంటు కారు మీద వచ్చే విమర్శలన్నీ ఈ హైదరాబాద్ విమర్శలే. ఎనిమిది పేజీల కథానికని పట్టుకుని ఇందులో పట్టాభిషేకం లేదేమిటి అని అడిగినట్టుంటుంది. కథానికకి దాని కొలత దానిది. పొద్దున్నే ఇల్లు వదిలి, ఊళ్ళో పది పనులు చూసుకుని, దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చే బతుకు మనది. ఆ కొలతకి తగ్గట్టు కుట్టిన కారు ఇది. అయితే ఆ పది పనుల రోజు ఎవరిదో, దాని పొడుగెంతో ఏ కంపెనీ వారూ మా నోటుపుస్తకంలో చూసి కుట్టలేదు. బ్యాటరీ ఖరీదెక్కువ, పెద్దది పెడితే ధర ఆకాశానికి పోతుంది. అంచేత చిన్నది పెట్టారు. ధర తగ్గించడానికి చిన్నది చేస్తే అది కాస్తా మన రోజుకి సరిపోయింది. కవి ఉద్దేశించని అర్థం పాఠకురాలికి దొరికినట్టన్న మాట.

ఇక నడక సంగతి. గేర్లు లేవు, క్లచ్చి లేదు. మావారి పాత పెట్రోలు కారు మీద యాభై రెండో ఏట డ్రైవింగు నేర్చుకున్నాను గానీ, బందరు రోడ్డు మీద గంటసేపు క్లచ్చి తొక్కితే రాత్రికి మోకాలికి కాపడం పెట్టుకోవాల్సి వచ్చేది. దీనికా బాధ లేదు. కాలు తీస్తే బండి తనంతట తనే నెమ్మదించి, ఆ నెమ్మదించడంలో పుట్టిన కరెంటుని మళ్ళీ బ్యాటరీలో వేసుకుంటుంది. అది విన్నప్పుడు నాకు మా అమ్మ పోపులడబ్బా గుర్తొచ్చింది. కూరలబ్బాయి దగ్గర బేరమాడి మిగిల్చిన అర్ధరూపాయి ఆవాల గిన్నెలో పడేది.

చార్జింగు పెట్టడం చాలా కష్టమని మగవాళ్ళంటారు. ఎనిమిది తొమ్మిది గంటలు ఎవరు కాసుక్కూర్చుంటారు అంటారు. కాసుక్కూర్చోమని ఎవరన్నారు? రేపు ఇడ్లీకి ఇవాళ మధ్యాహ్నం మినప్పప్పు నానబోస్తాం. పప్పు నానేదాకా దాని పక్కన కూర్చుంటామా? గీజరుకి పెట్టేలాంటి పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఒకటి గోడకి పెట్టించాం. రాత్రి గిన్నెలు సర్దేసి, పాలు తోడు పెట్టి, పప్పు రుబ్బి పక్కన పెట్టి, ఆఖరున వెళ్ళి కారుకి తీగ తగిలిస్తాను. పొద్దున్న పిండి పొంగి ఉంటుంది, పెరుగు తోడుకుని ఉంటుంది, కారు నిండి ఉంటుంది. ఖాళీ అయ్యాక బంకుకి పరిగెత్తడం ఒక అలవాటు. రేపటి సంగతి ఈ రాత్రే చూసి పెట్టుకోవడం ఇంకో అలవాటు. ఈ రెండోది మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఓ రోజు మావారి స్నేహితులొకాయన మా వాకిట్లో దీన్ని చూసి నవ్వి, “ఆడవాళ్ళ కారు,” అన్నారు. ఆయన వెక్కిరించాననుకున్నారు గానీ, తెలియకుండానే చరిత్ర చెప్పారు. అమెరికాలో నూరేళ్ళ పైచిలుకు కిందట నిజంగానే కరెంటు కారుకి ఆడవాళ్ళ కారని పేరు. ఆ రోజుల్లో పెట్రోలు కారు నడవాలంటే ముందు నిలబడి హేండిలు తిప్పాలి. మన పల్లెటూళ్ళ పాత బస్సులకి క్లీనరు తిప్పేవాడే, అలాగ. అది వెనక్కి తంతే చెయ్యి విరిగేది. కరెంటు కారుకి ఆ బాధ లేదు. పొగ లేదు, చప్పుడు లేదు, పట్టుచీరకి... కాదు, పట్టు గౌనుకి నూనె మరక లేదు. చాలా ప్రకటనలు ఆడవాళ్ళనుద్దేశించే వేసేవారు. పెట్రోలు కారుని ఊరూరికీ పంచిపెట్టిన హెన్రీ ఫోర్డు గారి భార్య క్లారా ఫోర్డు ఏం నడిపేదనుకున్నారు? డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కరెంటు కారు, 1914 నాటిది. అయ్యవారి కారు దేశానికి, అమ్మవారి కారు అమ్మవారికి!

మరి ఆ కారు ఎందుకు పోయింది? 1912లో చార్లెస్ కెటరింగ్ అనే ఆయన తయారుచేసిన సెల్ఫ్ స్టార్టరు కాడిలాక్ కారులో వచ్చింది. హేండిలు తిప్పే పని పోయింది. ఆ స్టార్టరు బ్యాటరీతో తిరిగే కరెంటు మోటారే కావడం విచిత్రం. ఇంటి చుట్టం చేతే ఇంటావిడని బయటికి పంపించారు. దానికి తోడు ఖరీదు. ఫోర్డు వారి మోడల్-టీ 1908లో 850 డాలర్లుంటే, తయారీ పెరిగిన కొద్దీ దిగి 1920లలో 300 లోపుకి వచ్చేసింది. కరెంటు కార్లు మాత్రం గొప్పింటి ఆడవాళ్ళ ముచ్చటగానే ఉండిపోయాయి. అన్ని సుగుణాలూ ఉండి, అందుబాటు అన్న ఒక్క గుణం లేక ఆ కారు మ్యూజియంలో నిలబడింది.

మన దేశంలో ఆ గుణం కోసం మొదట పాటుపడింది బెంగళూరు. 2001లో చేతన్ మైనీ గారు రేవా అనే బుల్లి కారు తెచ్చారు. రేవా వాళ్ళమ్మగారి పేరు. ముందు ఇద్దరు పెద్దవాళ్ళు, వెనక ఇద్దరు పిల్లలు. ఇన్వర్టరుకుండే లాంటి సీసం బ్యాటరీలు, ఒక్కసారి నింపితే 80 కిలోమీటర్లన్నారు. లండన్‌లో జీ-విజ్ అన్న పేరుతో తిరిగి, అక్కడ ఊరి మధ్యకి వెళ్తే కట్టాల్సిన రుసుము తప్పించుకుని బాగానే పేరు తెచ్చుకుంది. ఇక్కడ మాత్రం జనం చూసి ముచ్చటపడ్డారు గానీ కొనలేదు. తరవాత 2009లో లక్ష రూపాయల కారని టాటా వారి నానో రోడ్డెక్కింది. అది కరెంటుది కాదు గానీ, మనకి ఒక పాఠం చెప్పింది. స్కూటరు మీద తడుస్తూ వెళ్తున్న నలుగురి కుటుంబాన్ని చూసి రతన్ టాటా గారికి వచ్చిన ఆలోచన అది. ఆలోచనలో దయ ఉంది. కానీ చవక కారు అన్న ముద్ర పడింది. చవకది కావాలని అందరికీ ఉంటుంది, చవకది కొన్నారని అనిపించుకోవాలని ఎవరికుంటుంది? పెళ్ళికి చవకలో దొరికిన చీర కట్టుకెళ్ళి, ధర చెప్పకుండా తిప్పలు పడే మనకి ఆ సంగతి వేరే చెప్పాలా? 2018 తరవాత నానో ఆగిపోయింది.

అంచేత ఇప్పుడెవరూ చవక అనరు. అందుబాటు ధర అంటారు. 2022 సెప్టెంబరులో టియాగో కారుకి కరెంటు రూపం తెచ్చి, మొదట కొనేవాళ్ళకి 8 లక్షల 49 వేల నుంచి అన్నారు. 2023 ఏప్రిల్లో ఎంజీ వారు కామెట్ అనే రెండు తలుపుల పొట్టి కారు తెచ్చి 7 లక్షల 98 వేల నుంచి అన్నారు. ఈ “నుంచి” అన్న మాట చూసుకోండి. తెలుగులో ఇంత బరువు మోసే చిన్న మాట ఇంకోటి లేదు. ఆ ధరకొచ్చే కారుకి చిన్న బ్యాటరీ, తక్కువ హంగులు. మనం ఇంటికి తెచ్చుకునేది “నుంచి” దాటి లక్షా రెండు లక్షలు నడిచొచ్చిన కారు.

సరే, కరెంటుతో ఆదా అవుతుంది కదా అంటారు. లెక్క చూద్దాం. మేం కొన్న రోజుల్లో పెట్రోలు లీటరు నూట పది. ఊళ్ళో చిన్న కారు లీటరుకి పదిహేను కిలోమీటర్లిస్తే గొప్ప. అంటే కిలోమీటరుకి 7 రూపాయల పైన. కరెంటు కారు నాకు యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు ఇస్తోంది. పై శ్లాబులో యూనిట్ పది రూపాయలేసుకున్నా, కిలోమీటరుకి 1 రూపాయి 70 పైసలు మించదు. నా 640 కిలోమీటర్లకి నెలకి 3,600 రూపాయలు మిగిలాయి. బాగానే ఉంది. కానీ అదే సైజు పెట్రోలు కారుకీ దీనికీ కొన్నప్పుడు ఖరీదులో మూడు లక్షలు తేడా. ఆ మూడు లక్షలూ నెలకి 3,600 చొప్పున తిరిగి రావాలంటే దాదాపు ఏడేళ్ళు పడుతుంది. బ్యాటరీకి కంపెనీలు మామూలుగా ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్ళు. ఏడో ఏట లెక్క తీరుతుంది, ఎనిమిదో ఏట హామీ తీరుతుంది!

మన కాటలాగు కవులు దాటేసే సంగతి ఇదే. తక్కువ తిరిగేవాళ్ళకి ఈ కారు బాగా సరిపోతుంది, కానీ తక్కువ తిరిగితే డబ్బు తిరిగి రావడం ఆలస్యం. ఎక్కువ తిరిగేవాళ్ళకి డబ్బు త్వరగా వస్తుంది, కానీ వాళ్ళకే దారిలో ఆగిపోతామన్న భయం. దీని మీద జీఎస్టీ 2019 ఆగస్టులో 12 నుంచి 5 శాతానికి దిగింది నిజమే. అయితే 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల మీద కూడా 28 నుంచి 18కి దించారు. తేడా మళ్ళీ కాస్త పెరిగింది. కాబట్టి పొదుపు కోసమే కొంటున్నామని చెప్పుకునేవాళ్ళు ఒకసారి పెన్సిలు తీసుకుని కూర్చుంటే మంచిది.

దోషాలు ఇంకా ఉన్నాయి. సమీక్షకురాలిని, దాచకూడదు. కాటలాగులో రాసిన దూరం ఏ కంపెనీదైనా సరే, మూడో వంతు కొట్టేసి చదువుకోండి. అది పరీక్ష కోసం నడిపిన నడక. మే నెల ఎండలో ఏసీ వేసుకుని, నలుగురెక్కి, ఫ్లైఓవరు ఎక్కే నడక కాదు. చప్పుడు లేకపోవడం కూడా ఒక్కోసారి ఇబ్బందే. మా సందులో ఆవు వినిపించుకోదు, ఫోన్ చూసుకుంటూ నడిచే కుర్రాడు అంతకన్నా వినిపించుకోడు. ఇక పొగ లేదన్న మాట. మా వాకిట్లో లేదు, ఒప్పుకుంటాను. కానీ మన దేశంలో కరెంటు ఇంచుమించు ముప్పాతిక వంతు బొగ్గుదే. విజయవాడ వాళ్ళం కనక నాకు ఆ సంగతి మరవడానికి వీల్లేదు. ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే నార్ల తాతారావు గారి పేరున్న థర్మల్ స్టేషను గొట్టాలు ఎదురుగా కనిపిస్తాయి. బడి గేటు దగ్గర పసివాళ్ళ ముక్కుల్లోకి పోయే పొగ తప్పింది, అది చిన్న విషయం కాదు. కానీ గొట్టం ఊరి చివరికి మారితే పొగ మాయమైనట్టు కాదు.

ఇన్ని దోషాలెంచి, లెక్కలో లాభం కూడా అంతంతమాత్రమని తేల్చి, మరి ఎందుకు కొన్నావమ్మా అంటారా? నోటుపుస్తకంలో కుడి పక్క కోసం.

ఆ 230 కిలోమీటర్లు ఎందుకు మానుకున్నానో ఆలోచించాను. ఎవరూ వద్దనలేదు. మావారు ఒక్కనాడూ వద్దని అనలేదు. “ఇప్పుడు అవసరమా?” అన్న ప్రశ్న ఒకటుంది, అంతే. ఆటోకి రానూపోనూ మూడొందలు, అవసరమా? ఆయన్ని కారు తియ్యమనాలి, అవసరమా? నేనే తీస్తే పెట్రోలు వంద రూపాయలు, నిన్ననే కదా రెండు వేలు కొట్టించారు, అవసరమా? ఇంట్లో ఏదైనా తగ్గించుకోవాల్సి వస్తే ముందు రద్దయ్యేది ఇల్లాలి ప్రయాణమే. ఎవరో కాదు, మనమే రద్దు చేసుకుంటాం. వన్‌టౌన్ మాకు ఏడు కిలోమీటర్లు. ఈ కారులో వెళ్ళొస్తే పాతిక రూపాయలు కాదు. కొన్నప్పుడు బరువైందే గానీ, కదిలినప్పుడు తేలిక. ఈ కారులోని ఆకర్షణ అంతా అక్కడుంది. పాతిక రూపాయల ప్రయాణాన్ని ఎవరూ అవసరమా అని అడగరు. నన్ను నేను కూడా అడగను.

2024 సెప్టెంబరులో కామెట్ కారుని బ్యాటరీ అద్దె పద్ధతిలో 4 లక్షల 99 వేల నుంచే ఇస్తామని, కిలోమీటరుకి రెండున్నర అద్దె కట్టమని అన్నప్పుడు మావారు చాలా మెచ్చుకున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పలేదు. కొనడం తేలికైంది నిజమే. కానీ ప్రతి కిలోమీటరుకీ మళ్ళీ మీటరు తిరుగుతుంటే, ఆ వెనకాలే నా పాత ప్రశ్న కూడా తిరుగుతుంది.

కారొచ్చిన ఏడాది కార్తీకమాసంలో ఓ రాత్రి రెండింటికి అమ్మ ఫోన్ చేసింది. అమ్మకి ఎనభై నాలుగు. “ఏం లేదే, నిద్ర పట్టలేదు,” అంది. గొంతు ఎప్పటిలా లేదు. తాళం తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చాను. తీగ పీకి కారు తీశాను. మావారు లేవలేదు, కుక్క కూడా మొరగలేదు. పావుగంటలో అమ్మ మంచం పక్కన ఉన్నాను. ఏమీ లేదు, నిజంగానే నిద్ర పట్టలేదు. కాసేపు పాదాలు పట్టాను. అప్పుడంది: “ఇదివరకు కూడా ఇలా అయ్యేదే. రాత్రిపూట అల్లుడిగారిని లేపడం ఎందుకని ఊరుకునేదాన్ని.”

ఎన్ని రాత్రులు ఊరుకుందో నేను అడగలేదు. తను చెప్పలేదు. కుడి పక్క పేజీలో నా 230 కిలోమీటర్లే రాసుకున్నాను గానీ, అవతల అమ్మ మానుకున్న ఫోన్లకి ఏ పుస్తకంలోనూ లెక్క లేదు.

ఆటోమేటిక్ పెట్రోలు కారైనా ఈ పని చేసేది కదా అని మావారంటారు. చేసేది. నేను కాదనను. ఆ రాత్రికి ఏ కారైనా సరిపోయేది. కానీ మర్నాడూ, ఆ మర్నాడూ, ఏమీ లేకపోయినా ఊరికే వెళ్ళి కూర్చుని రావడానికి మాత్రం నాకు ఇదే కావాల్సొచ్చింది.

సమీక్ష ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఒక దోషం మిగిలిపోయింది. అది కారుది కాదు.

ఇది అందుబాటు కారు కావాలంటే మూడుండాలి. ఒకటి డబ్బు. రెండోది బండి నిలుపుకునే చోటు. మూడోది ఆ చోటుకి ఆనుకుని, ప్లగ్గు పెట్టుకోవడానికి మనదంటూ ఒక గోడ. మొదటిదాని గురించి కాటలాగులో ఉంటుంది. మూడోదాని గురించి ఎక్కడా ఉండదు. అద్దెకుండేవాళ్ళకి గోడ ఉండదు.

మా మేడ మీద వాటాలో ఓ టీచరమ్మ అద్దెకుంటోంది. మొగుడు వేరే ఊళ్ళో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. కారు కాదు, కరెంటు స్కూటరు కొనుక్కోవాలని ఆశ పడింది. “అక్కయ్యగారూ, మెట్ల కింద చిన్న ప్లగ్గు పెట్టించుకోవచ్చా? ఖర్చు నేనే పెట్టుకుంటాను,” అని అడిగింది. మావారు, “మీటరు కలిసిపోతుందేమో, చూద్దాం,” అన్నారు. నేనూ, “చూద్దాం లేమ్మా,” అన్నాను. అలా అని నాలుగు నెలలైంది. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు.

ఈ వ్యాసం కోసం పాత నోటుపుస్తకం తీసి కుడి పక్క పేజీ చదువుతుంటే అది గుర్తొచ్చింది. అద్దెకుండే మనిషి రెండోసారి అడగదు. తన కుడి పక్క పేజీలో రాసుకుని ఊరుకుంటుంది. “ఇప్పుడు అవసరమా?” అన్న మాటనే మేం “చూద్దాం” అని మర్యాదగా అన్నామని నాకు అప్పుడు తట్టింది.

మర్నాడే ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. మెట్ల కింద గోడకి ప్లగ్గు, దానికో చిన్న సబ్‌మీటరు. రెండు గంటల పని. అయిన ఖర్చు మా కారు నెలకి మిగిల్చే డబ్బు కంటే తక్కువే. మావారు మీటరు ముందు నిలబడి అంకె తిరగడం చూసి, “బాగానే ఉందోయ్,” అన్నారు.

టీచరమ్మ స్కూటరు పై నెలలో వస్తుందట. రంగేమిటని నేను అడగలేదు. ఎంత దూరం వస్తుందని అడిగాను.